పదవీ విరమణ తర్వాత నెలకు ఎంత కావాలి? ఫీజు తీసుకుని లెక్క కట్టి ఇచ్చే సలహా సేవపై సమీక్ష

ఉద్యోగం మానేశాక ఇల్లు గడవడానికి నెలకు ఎంత ఆదాయం కావాలో, ఆ ఆదాయం ఆగకుండా రావాలంటే చేతిలో ఎంత నిధి ఉండాలో లెక్క కట్టి ఇచ్చే సలహాదారులు హైదరాబాదులో ఇప్పుడు కొందరు కనిపిస్తున్నారు. వీరు పాలసీలు అమ్మరు, ఫండ్లు అంటగట్టరు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వద్ద పెట్టుబడి సలహాదారులుగా నమోదై, ఇచ్చిన సలహాకు మాత్రమే ఫీజు తీసుకుంటారు. అలాంటి ఒక చిన్న సంస్థ సేవను మా ఇంటి కోసం తీసుకున్నాను. నాకు 54 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. నా భార్యకు 50 ఏళ్లు, ఆమెకు వేరే సంపాదన లేదు. మా అమ్మాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. ఉంటున్న ఫ్లాటు మీద అప్పు మరో మూడేళ్లలో తీరుతుంది. 60 ఏళ్లకు ఉద్యోగం మానేయాలని అనుకుంటున్నాను. ఈ సమీక్షలో ఇచ్చే అంకెలు మావే అయినా, లెక్క సులభంగా అర్థమయ్యేటట్టు వాటిని వేలకు సర్ది రాస్తున్నాను.

ఫీజు 18,000 రూపాయలు, జీఎస్టీతో కలిపి 21,240. ఒక కుటుంబం నుంచి సలహాదారు ఏడాదికి వసూలు చేయగల స్థిర ఫీజుకు సెబీ విధించిన గరిష్ఠ పరిమితి 1,51,000 రూపాయలు కాబట్టి, ఇది తక్కువ వైపే ఉన్నట్టు లెక్క. ఎవరి దగ్గరకు వెళ్లినా ముందు చూడవలసింది రిజిస్ట్రేషన్ నంబరు: ఐఎన్ఏ అక్షరాలతో మొదలైతే ఆయన సలహాదారు, ఏఆర్ఎన్ అని ఉంటే ఆయన మ్యూచువల్ ఫండ్ పంపిణీదారు, ఆయన ఆదాయం మీరు కొనే ఫండు నుంచి కమీషన్ రూపంలో వస్తుంది. పంపిణీదారులందరూ చెడ్డవారని నేననను గానీ, ‘మీకు ఇంకా కోటి రూపాయలు తక్కువ పడుతుంది’ అన్న మాట కమీషన్ వచ్చే మనిషి నోటి నుంచి వచ్చినప్పుడు దానిని ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడం కష్టం. ఈ సేవకు డబ్బు కట్టడానికి నాకు కనిపించిన మొదటి కారణం అదే.

ఉచితంగా దొరికే లెక్కల యంత్రాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. వాటిలో ఎక్కువ భాగం అవసరమైన ప్రశ్నను వదిలేసి మరో ప్రశ్నకు జవాబు చెబుతాయి. ఉదాహరణకు జాతీయ పింఛను పథకం క్యాలిక్యులేటర్ పుట్టిన తేదీ, నెలకు కట్టే మొత్తం, ఆశించే రాబడి, యాన్యుటీకి (ఒకేసారి డబ్బు కట్టి జీవితాంతం పింఛను పొందే ఏర్పాటుకు) కేటాయించే శాతం వంటివి అడిగి, నెలకు ఇంత పింఛను వస్తుందని చెబుతుంది. ఆ పని అది చక్కగానే చేస్తుంది. అయితే ఆ వచ్చేది మన ఇంటికి సరిపోతుందా లేదా అన్నది చెప్పాలంటే మన ఖర్చు దానికి తెలియాలి; ఖర్చు సంగతి అది అడగదు. బ్యాంకులు, బీమా సంస్థలు పెట్టే యంత్రాలు ఖర్చును అడుగుతాయి గానీ ఒక్క అంకెగా అడుగుతాయి. ఆ ఒక్క గడిలో ఏ అంకె వేయాలన్నదే అసలు చిక్కు.

ఆ చిక్కు తప్పించుకోవడానికి చాలామంది చెప్పే సూత్రం ఒకటి ఉంది: చివరి జీతంలో 70 నుంచి 80 శాతం వస్తే హాయిగా బతకవచ్చని. మా ఇంటికి చేతికి వచ్చే జీతం 1,40,000 రూపాయలు. ఆ సూత్రం ప్రకారం మాకు నెలకు 98,000 నుంచి 1,12,000 వరకు కావాలి. సలహాదారు ఈ సూత్రాన్ని మొదటి సమావేశంలోనే పక్కన పెట్టారు, అది నాకు నచ్చింది. జీతంలో ఎక్కువ భాగం పొదుపు చేసే మనిషికీ, వచ్చినదంతా ఖర్చు చేసి పైన క్రెడిట్ కార్డు కూడా గీకే మనిషికీ ఒకే శాతం ఎలా వర్తిస్తుంది? జీతం ఎంత అన్నదానికీ, విశ్రాంత జీవితంలో ఎంత కావాలన్నదానికీ మన ఇళ్లలో సంబంధం చాలా తక్కువ. ఇంటి అప్పు, పిల్లల చదువు అనే రెండు పెద్ద బరువులు దిగిపోయే సమయం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది.

కాబట్టి ఆయన మాకు ఇచ్చింది ఖర్చుల పట్టిక. ఈ మొత్తం సేవలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే. పట్టిక ఇచ్చేటప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే: భార్యాభర్తలిద్దరూ కూర్చుని నింపాలి, తర్వాతి సమావేశానికి ఇద్దరూ రావాలి. చివరకు అందులో సగం వరుసలు నా భార్య చెప్పినవే అయ్యాయి, ఎందుకంటే ఇంట్లో ఏ వస్తువు ఎన్నాళ్లకు అయిపోతుందో, ఎవరింటి శుభకార్యానికి ఎంత పెట్టవలసి వచ్చిందో ఆమెకు తెలిసినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్‌కు తెలియదు.

పట్టిక పని చేసే తీరు ఇలా ఉంటుంది. ముందుగా ఇప్పుడు నెలనెలా పోతున్న మొత్తం రాయాలి, మాకది 95,000. అందులోంచి ఉద్యోగం మానేసే నాటికి ఆగిపోయేవి తీసేయాలి: ఇంటి అప్పు వాయిదా 27,000, అమ్మాయి చదువు 16,000, ఆఫీసుకు వెళ్లిరావడం, బయటి భోజనం, ఆఫీసు బట్టలు కలిపి 6,000. మిగిలింది 46,000. ఇక్కడితో ఆగిపోయేవారు ‘యాభై వేలుంటే చాలు’ అని నిశ్చింతగా ఉంటారు. పట్టికలోని రెండో భాగం ఆ నిశ్చింతను చెడగొడుతుంది, ఎందుకంటే అది నెల లెక్కలో కనబడని ఖర్చులన్నిటినీ ఏడాది లెక్కన అడుగుతుంది. బండికీ కారుకూ బీమా, సర్వీసింగ్ 32,000. ఇంటి పన్ను 8,000. పండగ బట్టలు 30,000. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, బారసాలల చదివింపులు 25,000. వేసవిలో ఒకేసారి కొనే కందిపప్పు, మిరపకాయలు, ఆవకాయ సరంజామా 12,000. ఆరేళ్లకోసారి ఇంటికి వేయించే రంగుల కోసం ఏడాదికి పక్కన పెట్టవలసిన 25,000. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ బ్యాటరీ, ఫోన్లు వంటివి పాడైతే మార్చడానికి 36,000. మొత్తం కలిపితే ఏడాదికి 1,68,000, అంటే నెలకు 14,000. ఈ పద్నాలుగు వేలు మా ఇంట్లో ఇంతకాలం బోనసుల నుంచీ, అడపాదడపా పాడుకున్న చిట్టీల నుంచీ వెళ్లిపోతూ వచ్చింది. పదవీ విరమణ తర్వాత బోనసు ఉండదు.

మూడో భాగం కొత్తగా మొదలయ్యే ఖర్చులది. ఇప్పుడు మా ఆరోగ్య బీమా నేను పనిచేసే కంపెనీయే ఇస్తోంది. మానేసిన రోజునుంచి మేమే కొనుక్కోవాలి. ఇద్దరికీ మూల పాలసీ, దానిపై సూపర్ టాప్ అప్ (బిల్లులు ఒక పరిమితి దాటాక పనికొచ్చే అదనపు పాలసీ) కలిపి నేటి ధరల్లో నెలకు 7,000 వేశారు. కాళ్లూ చేతులూ బాగున్నంత కాలం తీర్థయాత్రలు, ఊళ్లు తిరగడానికి 5,000. అన్నీ కలిపితే నేటి రూపాయల్లో నెలకు 72,000. జీతంలో ఇది సగానికి కాస్త ఎక్కువ. శాతాల సూత్రాన్ని నమ్మి లక్ష రూపాయల లక్ష్యం పెట్టుకుని బెంగపడేవారికీ, నెల ఖర్చు మాత్రమే చూసి నలభై ఆరు వేలతో సరిపెట్టుకోవచ్చనుకునేవారికీ మధ్య ఎక్కడో ఉంది ఈ అంకె. అది ఎక్కడుందో ప్రతి ఇల్లూ తనకు తానే తేల్చుకోవాలి.

అయితే ఈ పట్టికను తయారుచేసినవారు మన ఇళ్లను ఎంత ఎరుగుదురన్న అనుమానం నాకు రెండుచోట్ల కలిగింది. మొదటిది ఆడపిల్ల ఉన్న ఇంటి పెట్టుపోతలు. ‘బహుమతులు’ అని ఒకే ఒక వరుస పెట్టి ఊరుకున్నారు. అమ్మాయి పెళ్లి ఖర్చును వేరే లక్ష్యంగా తీసి పక్కన పెట్టడం సరైనదే. దానిని విశ్రాంత నిధితో కలపకూడదని గట్టిగా చెప్పినందుకు సలహాదారును మెచ్చుకోవాలి. కానీ పెళ్లితో ఆ ఖర్చు ఆగిపోదు. పెళ్లయిన మొదటి ఏడాది పండగలకు అల్లుణ్ణి పిలవడం, శ్రావణ మాసపు నోములు, సీమంతం, పురుడు, ఊయలలో వేయడం వరకు వరుసగా మూడు నాలుగేళ్లు బరువు పడుతుంది. అమ్మాయి అమెరికాలో ఉంటే పురుటికి వెళ్లే తల్లి విమానం టిక్కెట్టు, ప్రయాణ బీమా కూడా అందులోకే వస్తాయి. ఆ నాలుగేళ్లు మా విషయంలో సరిగ్గా ఉద్యోగం మానేసే కాలంలో పడే అవకాశం ఉంది. ఇవి మానేయవలసిన ఆచారాలా కావా అన్నది వేరే చర్చ. లెక్కలో మాత్రం వాటికి చోటుండాలి.

రెండోది ఇంకా పెద్ద లోపం. మంచాన పడినప్పుడు చూసుకునే మనిషి ఖర్చు పట్టికలో ఎక్కడా లేదు. ఆరోగ్య బీమా ఆసుపత్రి బిల్లు కడుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక పగలూ రాత్రీ దగ్గరుండే అటెండర్ జీతం మామూలుగా కట్టదు. ఏజెన్సీ ద్వారా పూర్తికాలం మనిషిని పెట్టుకుంటే హైదరాబాదులో నెలకు ఇరవై వేలు సులువుగా దాటుతుంది. కోడళ్లూ కూతుళ్లూ ఇంట్లో ఉండే రోజులు గడిచిపోయాయని అందరికీ తెలిసినా, లెక్కల్లో మాత్రం వాళ్లు ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు నడుస్తోంది. నేను అడిగిన తర్వాత ఆయన దీనికి విడిగా ఒక నిధి చూపించారు: నెలకు 25,000 చొప్పున మూడేళ్లకు, నేటి ధరల్లో 9 లక్షలు. అడగనివారికి ఇది నివేదికలో చేరదన్నది నా అభ్యంతరం.

ద్రవ్యోల్బణం విషయంలో ఈ సేవ ఉచిత యంత్రాలకంటే ఒక అడుగు ముందుంది. రిజర్వు బ్యాంకు లక్ష్యం 4 శాతం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు. ఆ వెసులుబాటు పైఅంచును, అంటే 6 శాతాన్ని, వీరు ఇంటి ఖర్చుకు తీసుకున్నారు. ఆరోగ్య బీమా ప్రీమియానికి మాత్రం విడిగా 10 శాతం వేశారు. ఆరేళ్ల తర్వాత, నాకు 60 వచ్చేసరికి, మామూలు ఖర్చు 65,000 కాస్తా సుమారు 92,200 అవుతుంది. ప్రీమియం 7,000 పెరిగి 12,400 అవుతుంది. కలిపి నెలకు దాదాపు 1,04,600. నేటి 72,000 అంటే అప్పటి లక్షా నాలుగు వేలన్నమాట. ఈ రెండు అంకెలను పక్కపక్కనే చూపించడం మంచి పద్ధతి, ఎందుకంటే భవిష్యత్తు రూపాయలను మాత్రమే చూపిస్తే మనిషి బెదిరిపోతాడు, నేటి రూపాయలను మాత్రమే చూపిస్తే ధీమా పెంచుకుంటాడు.

ఇక ఉద్యోగం మానేశాక వచ్చే ఆదాయం. ప్రైవేటు ఉద్యోగులు చాలామంది భవిష్య నిధి పింఛను మీద లేని ఆశలు పెట్టుకుంటారు. 1995 నాటి ఆ పింఛను పథకంలో మన అసలు జీతంతో నిమిత్తం లేకుండా, సాధారణంగా 15,000 రూపాయల పరిమితికి లోబడిన జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 35 ఏళ్లు పూర్తిగా ఆ పరిమితి మీద పనిచేసినా వచ్చేది నెలకు 7,500. 2014 సెప్టెంబరుకు ముందు ఆ పరిమితి 6,500 కాబట్టి, అప్పటి సర్వీసుకు పాత పరిమితితోనే లెక్క కడతారు. నాబోటి పాతకాపులకు ఇది ఇంకా తగ్గి, సుమారు ఐదు వేల దగ్గర ఆగుతుంది. పైగా ధరలతోపాటు అది పెరగదు. సలహాదారు ఈ రెండు పరిమితుల సంగతినీ సరిగ్గా లెక్కలోకి తీసుకున్నారు. తెనాలిలో మాకున్న పాత ఇంటి పైవాటా అద్దె నేడు 9,000. అది ధరలతోపాటు పెరుగుతుందని వేశారు. ఇల్లు ఖాళీగా ఉండే నెలలను గానీ మరమ్మతులను గానీ తీసేయలేదు. ఏడాదికి పది నెలల అద్దె లెక్కే సరైనదని నా అభిప్రాయం. వారి లెక్కనే తీసుకుంటే, ఈ పింఛనూ అప్పటికి పెరిగిన అద్దే పోను, నా 60వ ఏట నెలకు సుమారు 86,800, ఏడాదికి 10 లక్షల 40 వేలు నిధి నుంచి తీసుకోవలసి వస్తుంది.

ఎన్నేళ్లు? ఈ ప్రశ్న దగ్గర నివేదిక నా మెప్పు పొందింది. చాలా యంత్రాలు మన వయసు అడిగి 85 దాకా లెక్క కడతాయి. నా 85 దాకా అంటే 25 ఏళ్లు. నిధిపై రాబడి 7.5 శాతం, ద్రవ్యోల్బణం 6 శాతం అనుకుంటే దానికి 2 కోట్ల 21 లక్షలు చాలు. కానీ నా భార్య నాకంటే నాలుగేళ్లు చిన్నది, ఆమె 90 దాకా బతకవచ్చు. అంటే నేను మానేసిన నాటి నుంచి 34 ఏళ్లు. నా 85 తర్వాత ఆమె ఒక్కతే ఉండే తొమ్మిదేళ్లకు ఖర్చు సగం కాదని, 70 శాతం ఉంటుందని నివేదిక లెక్కించింది. మనిషి ఒకరు తగ్గినంత మాత్రాన ఇంటి పన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, కరెంటు బిల్లు సగానికి దిగవు కాబట్టి ఇది న్యాయమైన లెక్క. అప్పుడు కావలసిన నిధి 2 కోట్ల 64 లక్షలు. భర్త వయసు ఒక్కటే చూసి వేసే లెక్కకూ దీనికీ తేడా 43 లక్షలు. ఇంతకాలం మగవాడి ఆయుష్షును బట్టి ఇంటి లెక్క కట్టే అలవాటు వల్ల ఈ నలభై మూడు లక్షలు ఎవరి వాటా నుంచి తగ్గుతున్నాయో ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఏడాది ఖర్చుకు 25 రెట్లు ఉంటే చాలన్న సూత్రం కూడా మన దగ్గర బాగా ప్రచారంలో ఉంది. అది 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు అక్కడి షేర్లు, బాండ్ల చరిత్రను బట్టి, 30 ఏళ్ల విశ్రాంత కాలానికి తేల్చిన 4 శాతం సూత్రానికి (మొదటి ఏడాది నిధిలో 4 శాతం తీసి, తర్వాత ధరలతోపాటు ఆ మొత్తాన్ని పెంచుకోవడం) మరో రూపం. మా లెక్కకు అది 2 కోట్ల 60 లక్షలు చెబుతుంది, అంటే నివేదిక చెప్పినదానికి చాలా దగ్గర. దీన్ని చూసి ఆ సూత్రం మనకూ పనికొస్తుందనుకోకూడదు. ఇక్కడి ద్రవ్యోల్బణం వేరు, వడ్డీ రేట్ల కదలిక వేరు, మా ఇద్దరి కాలం 34 ఏళ్లు. రెండు అంకెలూ దగ్గరగా రావడం మా వయసుల వల్లా, వేసుకున్న రేట్ల వల్లా జరిగింది తప్ప మరొకటి కాదు.

ఆ రేట్లే కాస్త మారితే ఏమవుతుందో నివేదిక చివరి పుటల్లో ఒక పట్టికగా ఉంది. రాబడి 7.5 బదులు 8.5 శాతం వస్తే 2 కోట్ల 33 లక్షలు చాలు. రాబడి అదే ఉండి ద్రవ్యోల్బణం 6 బదులు 7 అయితే 3 కోట్ల 3 లక్షలు కావాలి. ఒక్క శాతానికి 30, 40 లక్షలు కదిలే లెక్కలో ‘2,64,37,000’ అని వేల దాకా అంకె ఇవ్వడం అనవసరపు ఆర్భాటం. ఈ పట్టిక నివేదిక మొదటి పుటలో ఉండవలసింది.

ఈ లెక్కలో మరో సాంకేతిక లోపం ఏమిటంటే, ప్రతి ఏడాదీ రాబడి ఒకేలా వస్తుందని అనుకోవడం. జీతం వస్తున్నప్పుడు మార్కెట్ పడితే ఇంకొన్ని యూనిట్లు చౌకగా వస్తాయి. జీతం ఆగిన తర్వాత మొదటి రెండు మూడేళ్లలో పడితే, పడిన ధరకు అమ్ముకుని తినవలసి వస్తుంది, ఆ దెబ్బ నుంచి నిధి మళ్లీ కోలుకోవడం కష్టం. 2008లో సెన్సెక్స్ ఒక్క ఏడాదిలో సగానికి పైగా పడింది. ఆ ఏడాది జనవరిలో పదవీ విరమణ చేసి షేర్ల ఫండ్ల నుంచే నెలనెలా డబ్బు తీసుకోవడం మొదలుపెట్టిన మనిషి పరిస్థితి ఊహించుకోవచ్చు. సలహాదారు దీనికి చెప్పిన ఉపాయం సాధారణమైనదే గానీ మంచిదే: మూడేళ్ల ఖర్చును, అంటే సుమారు 31 లక్షలను, మార్కెట్‌తో సంబంధం లేని చోట ఎప్పుడూ ఉంచుకోవాలని.

ఆ ‘సంబంధం లేని చోటు’ మొదటగా పోస్టాఫీసు. 60 దాటినవారి పొదుపు పథకంలో పరిమితిని 2023 ఏప్రిల్‌లో 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచి, వడ్డీని 8.2 శాతం చేశారు. ఆ రేటుకు 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికి వస్తాయి. నా భార్యకు అప్పటికి 56 ఏళ్లే కాబట్టి ఆమె పేరున మరో ఖాతా తెరవడానికి నాలుగేళ్లు ఆగాలి. ఈ సంగతి నివేదికలో స్పష్టంగా ఉంది. నెలసరి ఆదాయ పథకంలో ఉమ్మడి ఖాతాకు 15 లక్షల వరకు పెట్టవచ్చు, 7.4 శాతానికి నెలకు 9,250. ఈ రెండింటి నుంచీ ఏడాదికి 3 లక్షల 57 వేలు వస్తే, మిగిలిన నిధి నుంచి మొదటి ఏడాది తీయవలసింది మూడు శాతం పైచిలుకు మాత్రమే. అయితే వడ్డీ రేటు శాశ్వతం కాదు. 2020 ఏప్రిల్‌లో ఇదే పథకం రేటు 8.6 నుంచి 7.4కు దిగింది, అప్పటికే డబ్బు పెట్టినవారికి ఐదేళ్ల గడువు వరకు పాత రేటే ఉన్నా, ఆ నెలలో కొత్తగా పెట్టినవారికి 15 లక్షల మీద ఏడాదికి 18,000 తగ్గింది. 34 ఏళ్లలో ఇలాంటివి ఎన్నిసార్లు జరుగుతాయో గుర్తుంచుకునే కాబోలు, నివేదిక 8.2 శాతాన్ని చివరిదాకా సాగదీయకుండా మొత్తం మీద 7.5 దగ్గర ఆగింది.

యాన్యుటీల గురించి సలహాదారు అంత ఉత్సాహం చూపలేదు. జీవితాంతం వస్తుందన్న ధైర్యం వాటికి ఉన్న గొప్ప గుణం. కానీ మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే యాన్యుటీ పెరగనిది: నేటి 10,000 రూపాయల పింఛను, 6 శాతం ద్రవ్యోల్బణంలో 20 ఏళ్ల తర్వాత నేటి 3,100 రూపాయల పాటి సరుకులు కొంటుంది. నా అభిప్రాయం ఆయనకంటే కొంచెం భిన్నం. లెక్కలు చూసుకోవడం అలవాటు లేని మనిషి ఒంటరిగా మిగిలితే, పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు, పనిమనిషి జీతం వంటి తప్పనిసరి ఖర్చులో కొంత భాగానికైనా, భార్యాభర్తలిద్దరికీ వర్తించే యాన్యుటీ ఒకటి ఉండటం మంచిది. ఏ ఫండు నుంచి ఏ నెల ఎంత తీయాలో 80 ఏళ్ల వయసులో నిర్ణయించుకోవలసిన అవసరం నుంచి అది తప్పిస్తుంది. ఆ సౌకర్యానికి రాబడిలో కొంత వదులుకోవచ్చు.

ఆరోగ్య బీమా మీద వచ్చిన సలహా ఒక్కటే ఫీజులో సగానికి సరిపోతుంది. కంపెనీ పాలసీ ఉంది కదా అని 60 దాకా ఆగకుండా, 54లోనే సొంత పాలసీ కొనమన్నారు. 2024 నుంచి ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం మూడేళ్లకు మించకూడదు, ఐదేళ్లు కట్టాక మోసం ఉంటే తప్ప క్లెయిమును వివరాలు దాచారన్న మిషతో తిరస్కరించకూడదు. ఇప్పుడు కొంటే ఆ రెండు గడువులూ నేను ఉద్యోగంలో ఉండగానే గడిచిపోతాయి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేయడం కూడా కలిసొచ్చింది. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డును లెక్కలో కలపకుండా అదనపు భరోసాగా మాత్రమే చూడమన్నారు. అది తెలివైన పని.

తెనాలికి మారిపోతే ఖర్చు ఎంత తగ్గుతుందన్న ప్రశ్నకు మాత్రం నివేదిక నిరాశపరిచింది. అన్నిటి మీదా ఏకంగా 20 శాతం కోసి, నెలకు 57,600 సరిపోతుందని తేల్చేశారు. చిన్న ఊళ్లో పనిమనిషి జీతం, కూరగాయలు, పాలు, మెయింటెనెన్సు తగ్గే మాట నిజమే. మందుల ధర, కారు బీమా, ఫోను బిల్లు, ఫ్రిజ్ ధర ఏ ఊళ్లోనైనా ఒకటే. పెద్ద వైద్యం కావలసి వస్తే గుంటూరుకో విజయవాడకో కారు కట్టించుకుని వెళ్లాలి. బంధువులు దగ్గరయ్యే కొద్దీ చదివింపుల వరుస కూడా పెరుగుతుంది. నేను వరుసవారీగా మళ్లీ వేసుకుంటే తగ్గేది 72,000లో ఏడెనిమిది వేలకు మించలేదు. హైదరాబాదు ఫ్లాటును అద్దెకిస్తే వచ్చే ఆదాయమే ఊరు మారడంలో అసలు లాభం. కానీ అప్పుడు తెనాలి ఇంటి అద్దె పోతుందన్నది నివేదికలో రెండో పుట దాటాక గానీ కనబడదు.

పన్ను గురించి ఒక మాట. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి మా ఆదాయం మీద పన్ను సున్నా అని వేశారు. షేర్ల ఫండ్లు అమ్మినప్పుడు ఏడాదికి లక్షా పాతిక వేలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద పడే 12.5 శాతానికి ఆ రిబేటు వర్తించదు. తొలి ఏళ్లలో ఇది చిన్న మొత్తమే అయినా, పోస్టాఫీసు డబ్బు అయిపోయి ఫండ్ల నుంచే తీసుకునే రోజుల్లో పెరుగుతుంది.

నివేదిక ముప్పై పుటలకు పైగా ఉంది, అంతా ఇంగ్లిషులో. నా భార్య ఒంటరిగా మిగిలిన రోజున తీసి చదువుకోవలసిన కాగితం ఇది. ఏ ఖాతా ఎక్కడుంది, ఏ నెలలో దేని గడువు తీరుతుంది, ముందు దేనిలోంచి తీయాలి, ఏది ముట్టుకోకూడదు అన్నవి ఒక్క పుటలో తెలుగులో రాసి ఇవ్వమని అడిగాను. మౌఖికంగా తెలుగులో ఎంతసేపైనా ఓపికగా వివరించారు గానీ, రాతలో ఇచ్చే ఏర్పాటు తమ దగ్గర లేదన్నారు. ఆ పుట మేమే రాసుకుని బీరువాలో పాలసీ కాగితాలతో కలిపి పెట్టుకున్నాం.

ఈ సేవ ఎవరికి ఉపయోగమంటే, నాలాగా ప్రైవేటు ఉద్యోగంలో ఉండి 45 నుంచి 55 మధ్య వయసున్నవారికి. ఇంటి అప్పు తీరిన నెల నుంచి ఆ 27,000ను అలాగే నిధిలోకి మళ్లిస్తే, 8 శాతం రాబడితో మూడేళ్లలో సుమారు 11 లక్షలు పోగవుతాయని చూపించినట్టు, సరిదిద్దుకోవడానికి ఇంకా కాలం ఉన్నవారికి ఈ లెక్కలు పనికొస్తాయి. పాత పింఛను ఉన్న ప్రభుత్వోద్యోగికి ఇంత తతంగం అవసరం లేదు. కరువు భత్యంతోపాటు పెరిగే పింఛనూ, తర్వాత కుటుంబ పింఛనూ ఉన్న ఇంట్లో వేయవలసింది ఆరోగ్యం, పిల్లల బాధ్యతల లెక్కే. 2004 సెప్టెంబరు తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగంలో చేరి, పాత పింఛను బదులు చందాతో నడిచే పింఛను పథకం సీపీఎస్‌లోకి వెళ్లిన ఉపాధ్యాయులు, గుమస్తాల పరిస్థితి అలా కాదు. వారికి ఇది ప్రైవేటు ఉద్యోగులకు పనికొచ్చినంతగానూ పనికొస్తుంది. నెలకు ముప్పై వేల లోపు ఖర్చుతో గడిపే ఇళ్లవారు ఈ 21,240 పెట్టనక్కరలేదు. పైన చెప్పిన మూడు భాగాల పట్టికను ఒక నోటుపుస్తకంలో ఇద్దరూ కూర్చుని నింపుకుంటే అసలు పని చాలావరకు అయిపోతుంది.

ఏటా నివేదికను తాజా చేసి ఇవ్వడానికి 6,000 రూపాయలు అడుగుతున్నారు. ఖర్చుల పట్టికను మేమే ప్రతి ఏప్రిల్‌లో దిద్దుకోగలం కాబట్టి అది తీసుకోలేదు. 58 ఏళ్లు నిండినప్పుడు మాత్రం మళ్లీ ఒకసారి వెళ్తాను. భవిష్య నిధి పింఛనును అప్పుడే మొదలుపెట్టాలా, ఏడాదికి 4 శాతం పెరిగేలా 60 దాకా వాయిదా వేయాలా, పోస్టాఫీసు రేట్లు అప్పటికి ఎక్కడున్నాయి అన్న మూడు విషయాలూ కలిపి తేల్చుకోవలసిన సమయం అది.